నివా పొట్ట కింద రేకు

మా ఊరు వర్జూద్‌లో తెల్లారిందంటే ముందు ఇళ్ళ కప్పుల్లోంచి పొగ లేస్తుంది, ఆ వెనకే షామీర్ నివా కారు దగ్గుతుంది. ఉప్పు వేసిన పాల టీలో రొట్టె తుంచి వేసుకుని, పైన వెన్న తేలేలా వేసుకుని, గిన్నె ఖాళీ చేసి షామీర్ వాకిట్లోకి వచ్చి బానెట్టు ఎత్తుతాడు. బానెట్టు కీచుమంటే చాలు, వాళ్ళమ్మ మొబేగిమ్ శాలువా తల మీదుగా లాక్కుని వచ్చి ముందు సీట్లో కూర్చుంటుంది. ప్రయాణం ఉందా లేదా అన్నది ఆవిడకి అనవసరం. ఏళ్ళ తరబడి ఊళ్ళోంచి ఏ బండి కిందికి దిగినా ముందు సీటు మొబేగిమ్‌దే. పెళ్ళికొడుకైనా సరే, వెనక సర్దుకోవాల్సిందే.

ఎందుకంటే మా లోయలో దారి అంటే ఒక పక్క నది, ఒక పక్క కొండ, మధ్యలో రాళ్ళు. ఆ రాళ్ళన్నిటి పేర్లూ ఆవిడకి తెలుసు. అత్తగారి దగ్గర నేర్చుకుంది, ఆవిడ వాళ్ళ అత్తగారి దగ్గర. పేరు పెట్టి పిలిస్తే దొర్లే రాయి ఆగుతుంది, దారికి అడ్డం పడుకున్నది పక్కకి జరుగుతుంది. "చెవిటి మామా, కాస్త లే, పిండి బస్తాలున్నాయి వెనక." "అలిగిన మరదలా, ఇవాళ కాదే తల్లీ, శవాన్ని తీసుకొస్తున్నాం." ఇలా మాట్లాడుకుంటూ పోయేది. మంచు కరిగే రోజుల్లో కొండ పగిలి కొత్త రాయి పుడితే అప్పటికప్పుడు దానికో పేరు ఇచ్చేది. ఇస్తే మాత్రం ఇచ్చినట్టే. కుక్క పేరు రాయికి ఇచ్చేస్తే ఆ పేరు పెట్టి ఇక కుక్కని పిలవడానికి ఎవరికీ నోరు తిరగదు, కుక్కా పలకదు. మా ఊళ్ళో రెండేసి పేర్లు మారిన కుక్కలున్నాయి. మిల్లు వాళ్ళ గాడిదకైతే ఇప్పటికీ పేరు లేదు, రాళ్ళు విసిరి పిలుస్తారు.

పక్క లోయల వాళ్ళు కార్ల కింద ఇనప రేకు బిగించుకుంటారు, రాయి తగిలి ఇంజిను అడుగున ఆయిల్ ఉండే తొట్టి పగలకుండా. అలాంటి కారు మా ఊరొస్తే వంగి చూసి నవ్వేవాళ్ళం. చెడ్డీ వేసుకుని వచ్చిందిరా అనేవాళ్ళం. రేకు బిగించడం మా ఊళ్ళో ఒక్కరికీ రాదు. అవసరం రాలేదు కాబట్టి నేర్చుకోలేదు, దాన్ని గొప్పగా చెప్పుకున్నాం కూడా.

శరదృతువులో మొబేగిమ్ ఆప్రికాట్‌ని ఏమంటారో మరిచిపోయింది. చలికాలంలో చనిపోయిన మొగుడి పేరు మరిచింది. పోనీలే, పోయినవాడే కదా అనుకున్నాం. మంచు కరిగేసరికి రాళ్ళ పేర్లు ఒక్కొక్కటే జారిపోయాయి. కోడలు సవ్సన్‌కి నేర్పడం మొదలుపెట్టింది గానీ మరుపు కోడలి కన్నా ముందు నడిచింది. పిలిచే దిక్కు లేని రాళ్ళు తమ దారిన తాము దొర్లాయి. కిందికి వెళ్ళిన బండ్లు భయపడి కిందే ఉండిపోయాయి. ఊళ్ళో మిగిలింది షామీర్ నివా ఒక్కటే. దానికీ మొన్న నది మలుపులో రాయి తగిలి తొట్టి చిట్లింది. సబ్బు ముద్ద అదిమి, పైన జిగురు పూసి, గుడ్డ కట్టి తోసుకుంటూ తెచ్చుకున్నాడు. ఎవరిని మరిచినా ఆవిడ షామీర్‌ని మాత్రం మరవలేదు. ఇంట్లో అందరికీ అదొక్కటే ఊరట.

ఆ పొద్దున షామీర్ బానెట్టు ఎత్తాడు, తల్లి వచ్చి కూర్చుంది. ఇంతలో లోపల్నుంచి నర్సు మవ్లూదా చేతులు తుడుచుకుంటూ వచ్చింది. సవ్సన్‌కి ఎనిమిదో నెల. రాత్రంతా తలనొప్పి, మొహం ఉబ్బిపోయింది.

"ఇంకా రెంచీలు తుడుచుకుంటూ నిలబడ్డావా?" అంది మవ్లూదా. "దానికి కళ్ళ ముందు మెరుపులు కనబడుతున్నాయట. బీపీ చూస్తే నాకే కళ్ళు తిరిగాయి. నా దగ్గరున్న ఇంజెక్షన్ ఇచ్చేశాను. చీకటి పడేలోపు కింద ఆస్పత్రిలో ఉండాలి."

"లేకపోతే?"

"లేకపోతే ఏంటని నన్నడగకు. తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు."

"హెలికాప్టర్?"

"ఫోన్ చేశా. కనుమ మీద మబ్బు కూర్చుందట. రాదట."

షామీర్ కారు వంక చూశాడు. "తొట్టి సబ్బు మీద బతుకుతోంది అక్కా. ఇంకొక్క రాయి తగిలితే ఇంజిను పట్టేస్తుంది. దారి మధ్యలో సవ్సన్‌ని వేసుకుని ఏం చెయ్యను?"

"అయితే ఆ పక్క లోయ వాళ్ళలాగా రేకేదో బిగించు. ఇన్నాళ్ళూ నవ్వారుగా!"

కారులోంచి మొబేగిమ్ అడిగింది, "ఎక్కడి దాకా వచ్చాంరా షామీర్?"

"వాకిట్లోనే ఉన్నామమ్మా," అన్నాడు షామీర్.

రేకు ఎక్కడ దొరుకుతుంది? ఇంటి ముందు పంట కాలవ మీద వంతెనగా వేసిన పాత లారీ వెనక తలుపు ఒక్కటే ఊళ్ళో మంచి ఇనుము. సవ్సన్ కొత్త కోడలుగా ఆ తలుపు మీద నడిచే ఇంట్లోకి వచ్చింది. షామీర్ దాన్ని ఒంటరిగా పెకలించి ఈడ్చుకొచ్చాడు. బిందెలతో నీళ్ళకి వచ్చిన ఆడవాళ్ళు వంతెన లేకపోవడం చూసి తిట్టబోయి, సంగతి తెలిసి, పరికిణీలు ఎత్తి పట్టుకుని కాలవలో దిగి దాటారు. ఒకావిడ బిందె పక్కన పెట్టి తలుపు రెండో కొసని పట్టుకుంది.

కారుని జాకీ మీద లేపాలి. ముసలమ్మ దిగదు. తలుపు పైనున్న పిడి పట్టుకుని కూర్చుంది. సర్లే అని ఆవిడతో సహా లేపాడు, చక్రాల కింద దుంగలు పెట్టాడు. బొగ్గుతో రేకు మీద గీతలు గీసి గ్రైండర్‌తో కోశాడు. ముందంచు పైకి వంగి ఉండాలని మాత్రం తెలుసు. దుంగ మీద పెట్టి సమ్మెటతో కొట్టి వంచాడు. బొక్కలు వేశాడు. కారు కింద వెల్లకిలా దూరి, గుండెల మీద రేకు నిలబెట్టుకుని, నాలుగు మూలలా బోల్టులు బిగించాడు. రేకుకీ తొట్టికీ మధ్య కాస్త ఖాళీ కనబడితే అందులో ఉన్ని దుప్పటి ముక్కలు కూరాడు. మా వాళ్ళకి ఉయ్యాల్లో బిడ్డని కట్టినా, గాడిద మీద గడ్డి కట్టినా, గాలి దూరకుండా బిగించడమే తెలుసు. తాడు కుయ్యోమంటే గానీ మాకు నమ్మకం కుదరదు.

అప్పుడొచ్చాడు దిలోవర్, షామీర్ అక్క మొగుడు. పై పొలం నుంచి పరుగున వచ్చాడు. పుట్టింది పక్క లోయల్లో వంజ్ వైపు, రాళ్ళు ఎవరి మాటా వినని చోట. మా ఊరికి ఇల్లరికం వచ్చాడు, ఆ మాట మేం రోజుకోసారైనా గుర్తు చేస్తాం. కంగారులో కూడా మర్యాద తప్పదుగా, షామీర్ నూనె చెయ్యి అతను ముద్దు పెట్టుకున్నాడు, అతని మట్టి చెయ్యి షామీర్ ముద్దు పెట్టుకున్నాడు. మూతికి నూనె మరకతో దిలోవర్ కారు కిందికి దూరాడు.

"ఏంట్రా బావమరిదీ ఇది? రేకు బిగించావా, బాలింతకి నడికట్టు కట్టావా?"

"గట్టిగా ఉంది బావా. ఇసుమంత కదలదు."

"అదేరా నా ఏడుపు! రాయి రేకుని కొడితే రేకు తొట్టిని కొడుతుంది. మధ్యలో నాలుగు వేళ్ళ సందు ఉండాలి. దెబ్బ తగిలితే రేకు వంగాలి, తొట్టికి కబురు తెలీకూడదు. పైగా దుప్పట్లు కుక్కావా? గాలాడకపోతే సగం దారి దాటేలోపు ఇంజిను ఉడికిపోతుంది. విప్పు."

"విప్పడమా? బావా, పొద్దు చూడు, నడినెత్తికొచ్చింది!"

"ఆలస్యం అమృతం విషం, నాకూ తెలుసు. ఇలాగే వెళ్తే మొదటి రాయి దగ్గరే దిగి ఏడుద్దాం."

"మీ లోయ రాళ్ళకి మర్యాద తెలీదు కాబట్టి మీకు ఈ తెలివంతా వచ్చింది," అన్నాడు షామీర్ ఉక్రోషంగా.

"మీ రాళ్ళ మర్యాదంతా మా అత్తగారి నోట్లో ఉండేది. ఇప్పుడు ఏదీ?"

షామీర్ బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు.

సందు నిలబడాలంటే రేకుకీ కారుకీ మధ్య ఒక్కో బోల్టుకీ గొట్టం ముక్క తొడగాలి. గొట్టం ఎక్కడిది? అందరూ అటూ ఇటూ చూస్తుంటే మవ్లూదా చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుని వెళ్ళి, తన మందుల గదిలో రోగుల్ని పడుకోబెట్టే ఇనప మంచాన్ని ఇద్దరు ఆడవాళ్ళతో మోయించుకొచ్చింది. "కాళ్ళు కొయ్యండి," అంది. "రేపటి రోగి నేల మీద పడుకుంటాడు."

ఒక కాలు తెగిందో లేదో కరెంటు పోయింది. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటే అదే. మిగతా పని ఉలితో, సుత్తితో. దిలోవర్ ఉలి పట్టుకుంటే షామీర్ కొట్టాడు. గొట్టం ముక్కలు నున్నగా తెగలేదు, పళ్ళు పీకిన దవడల్లా వచ్చాయి. అయినా సరే పెట్టారు. ఇంట్లోంచి సవ్సన్ మూలుగు వినబడుతూనే ఉంది. మధ్యలో ఆగినప్పుడు ఇంకా భయం వేసింది.

సుత్తి దెబ్బ పడ్డప్పుడల్లా పై నుంచి మొబేగిమ్ ఉలిక్కిపడేది. ప్రయాణంలో ఉన్నామనే ఆవిడ లెక్క. "ఏ రాయిరా కొట్టింది? వీడు... నల్లగా ఉంటాడు... వీడి పేరేంటి?" మళ్ళీ దెబ్బ. "ఆగవే... ఓ... నిన్నే..." నోరు తెరిచేది, లోపల ఏమీ దొరికేది కాదు. "షామీర్, పేర్లు రావడం లేదురా. నోట్లో మట్టి పోసినట్టుందిరా."

"అమ్మా, నోర్ముయ్యి!" కారు కింద నుంచి షామీర్ అరిచాడు. "నీ రాళ్ళ మూలంగానే నా పెళ్ళాం చస్తోంది! ఆ పేర్లేవో మాకు ముందే నేర్పి ఉంటే నేనివాళ ఇలా ఇనుము కౌగిలించుకుని పడుకునేవాణ్ణి కాదు!"

ఆవిడ నోరు మూసుకుంది. వెల్లకిలా పడుకున్నవాడి కన్నీళ్ళు చెవుల్లోకి పోతాయి. షామీర్ చెవులు తుడుచుకోలేదు, రెండు చేతులూ రేకు కిందే ఉన్నాయి. చివరి బోల్టు బిగించాక దిలోవర్ తన నాలుగు వేళ్ళూ రేకుకీ తొట్టికీ మధ్య దూర్చి చూశాడు. దూరాయి. "పద," అన్నాడు.

సవ్సన్‌ని బొంతతో సహా ఎత్తి వెనక సీట్లో పడుకోబెట్టారు. తల మవ్లూదా ఒళ్ళో. దిలోవర్ గునపం పట్టుకుని వెనక సామాన్ల చోట ముడుచుకున్నాడు. "అత్తగారిని దింపెయ్‌రా, బరువు తగ్గుతుంది," అన్నాడు. షామీర్ తల్లి చెయ్యి పట్టుకోబోయాడు. వెనక నుంచి సవ్సన్ కళ్ళు మూసుకునే అంది, "ఉండనివ్వండి. ఆవిడ ముందు లేకుండా నేనెప్పుడూ ఈ దారి దిగలేదు."

కారు కదిలింది. నది మలుపు దగ్గరే మొదటి రాయి రేకుని తన్నింది. అందరి అరికాళ్ళూ జివ్వుమన్నాయి. షామీర్ స్టీరింగు వెనకున్న ఆయిల్ హెచ్చరిక దీపం వంకే చూశాడు. ఎర్రగా వెలగలేదు. "నాలుగు వేళ్ళు!" అని వెనక నుంచి దిలోవర్ అరిచాడు. మళ్ళీ దెబ్బ, మళ్ళీ "నాలుగు వేళ్ళు!" అలా దెబ్బ తిన్నప్పుడల్లా అరుస్తూనే ఉన్నాడు, దేవుడి పేరు తలుచుకున్నట్టు. మొబేగిమ్ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఒక్కో రాయి దగ్గరా ఆవిడ పెదవులు కదిలేవి, మళ్ళీ ఆగిపోయేవి. చిన్నప్పటి నుంచి తెలిసినవాళ్ళు ఎదురొస్తుంటే పోల్చుకోలేని మనిషి సిగ్గు ఆవిడ మొహం నిండా ఉంది.

గొర్రెల గొంతు అనే చోట దారి సన్నబడి కొండ చంకలో దూరుతుంది. అక్కడ దారికి అడ్డంగా పడున్న రాయి మీదికి ముందు చక్రం ఎక్కింది, దిగింది, రేకు మాత్రం ఆ రాయి మీద కూర్చుండిపోయింది. చక్రాలు గాలిలో తిరిగాయి. ముందుకి పోదు, వెనక్కి రాదు. ఇంత దూరం కాపాడిన రేకే ఇప్పుడు మేకులా పట్టుకుంది. షామీర్, దిలోవర్ తలుపు తీయబోతుండగా పైన పెద్ద పిడుగు పడ్డట్టయింది.

తలెత్తి చూశారు. కొండ చరియ విరిగింది. తెల్లటి గాయం కనబడింది, అందులోంచి ఇల్లంత రాయి ఒకటి దొర్లడం మొదలుపెట్టింది. అప్పుడే పుట్టిన రాయి. నేరుగా కారు మీదికే వస్తోంది.

"లాగు! వెనక్కి లాగు!" దిలోవర్ అరిచాడు. ఎక్కడికి లాగుతాడు! ముందు నుయ్యి, వెనక గొయ్యి. సవ్సన్‌ని బొంతతో ఎత్తుకుని పరిగెత్తడానికి కూడా టైము లేదు. మవ్లూదా సవ్సన్ కడుపు మీద బోర్లా వాలిపోయింది.

"అమ్మా!" అన్నాడు షామీర్. "పేరు ఇవ్వమ్మా! ఏదో ఒకటి! కుక్కదో, పిల్లిదో!"

మొబేగిమ్ కొడుకు వంక తిరిగింది. చాలా రోజుల తర్వాత ఆవిడ కళ్ళు తేటగా ఉన్నాయి. "ఒక్కటే మిగిలిందిరా నా దగ్గర," అంది.

ఏది మిగిలిందో షామీర్‌కి ఒక్క క్షణంలో అర్థమైంది. కొండ మీద రాయి గెంతింది, చిన్న రాళ్ళు కారు కప్పు మీద వడగళ్ళలా పడ్డాయి. అతను తల్లి మొహం చూశాడు. వెనక పెళ్ళాం మూలుగు విన్నాడు. ఆ మూలుగు లేకపోతే ఏమనేవాడో అతనికే తెలీదు.

"నీ పేరుని నేనెలా ఇవ్వనురా," అంది ఆవిడ.

"ఇచ్చెయ్యమ్మా."

ఆవిడ చెయ్యి చాపి అతని గడ్డం పట్టుకుంది, మసి అంటిన చెంప మీద ఒకసారి నిమిరింది. తర్వాత కిటికీలోంచి తల బయట పెట్టి, పొద్దు గూకేవేళ ఆటలో మునిగిన పిల్లాణ్ణి అన్నానికి పిలిచినట్టు పిలిచింది.

"షామీర్! ఆగు నాన్నా. ఇక చాలు."

రాయి ఆగింది. దారి అంచున, కారు ముందు దీపానికి చెయ్యి చాపితే అందేంత దూరంలో, ఊగి, నిలబడింది. దుమ్ము మెల్లగా నది మీదికి పోయింది.

దిలోవర్ గునపంతో దిగాడు. ఇద్దరూ జాకీ పెట్టి కారుని లేపి, కింది రాయిని పెకలించి నదిలోకి తోసేశారు. రాయి ఆగినందుకు ఎవరూ ఆశ్చర్యపోలేదు. పేరు ఇస్తే రాయి ఆగుతుంది, అందరికీ తెలిసిన సంగతే. కొడుకు స్టీరింగు ముందు కూర్చుని కారు తీస్తుంటే మొబేగిమ్ అతని వంక మర్యాదగా చూసి అంది:

"డ్రైవరు బాబూ, మెల్లగా పోనీ. వెనక నిండు చూలాలు ఉన్నట్టుంది."

అతను గేరు మార్చాడు.

చీకటి పడకముందే చేరారు. కడుపు కోసి బిడ్డని తీశారు. ఆడపిల్ల, పిల్లి కూనంత ఉంది, కానీ ఏడుపు మాత్రం ఆస్పత్రి కప్పు లేచిపోయేలా ఏడ్చింది. సవ్సన్ మూడోనాడు లేచి కూర్చుని సూప్ అడిగింది. డాక్టరు కారు కిందికి వంగి చూసి, ఈ రేకు ఎవరు బిగించారో గానీ బాగా బిగించారు అన్నాడు. దిలోవర్ ఆ మాట ఇప్పటికీ ఎవరొచ్చినా చెబుతాడు.

ఇప్పుడు మా ఊళ్ళో కార్లన్నిటి కిందా రేకులున్నాయి, అన్నిటికీ నాలుగు వేళ్ళ సందుంది. మొబేగిమ్ కొడుక్కి మాత్రం పేరు లేదు. ఆ రోజు దాకా జరిగింది చెబుతుంటే పాత పేరు నోటికొస్తుంది, ఆ తర్వాతి సంగతికి రాదు. సవ్సన్ మొగుడు అంటాం, దిలోవర్ బావమరిది అంటాం, పాప పెద్దదైతే నాన్న అంటుంది. మొదట్లో మాకూ ఇబ్బందిగానే ఉండేది. కొత్త పేరు పెట్టుకోమని ఊరి పెద్దలు చెప్పారు, వద్దన్నాడు.

పాపకి టీకాలు వేయించడానికి వాళ్ళు నెలకోసారి కిందికి దిగుతారు. గొర్రెల గొంతు దగ్గర ముసలమ్మ కారు ఆపమంటుంది. అతను దిగి తలుపు తీసి చెయ్యి అందిస్తాడు. ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని దిగి, వదిలేసి, ఒళ్ళో కట్టుకొచ్చిన రొట్టె విప్పుకుంటూ రాయి దగ్గరికి వెళ్తుంది. దాని మీది మట్టి శాలువా కొంగుతో తుడుస్తుంది. చెంప ఎక్కడుంటుందో చూసుకుని అక్కడ నిమురుతుంది.

"షామీర్, తిన్నావా నాన్నా? ఈ చలిలో ఎలా ఉంటున్నావురా?"

మొన్న కూడా అలాగే అడిగింది. నది హోరు తప్ప జవాబు లేదు. ముసలమ్మ మొహం చిన్నబోయింది. సవ్సన్ కారులోంచి మొగుడి వంక చూసింది. అతను చప్పుడు చేయకుండా కొండ వైపు నుంచి చుట్టూ తిరిగి వెళ్ళి, రాయి వెనక నిలబడ్డాడు.

"తిన్నానమ్మా," అన్నాడు.

ఆవిడ అక్కడే, ఆ రాతిని రెండు చేతులా కౌగిలించుకుంది.